నిద్ర ఖరీదు నలభై లక్షలు

యాఫో రేవు పట్టణంలో ఆ రోజుల్లో నెలకొక పండగ ఉండేది, ఏ క్యాలెండర్లోనూ ఎర్ర అంకె లేని పండగ. పదిహేనో తారీఖు సాయంత్రం రేడియోలో ధరల సూచీ చెప్పేవారు. కిందటి నెలలో సరుకుల ధరలు నూటికి ఎంత పెరిగాయో చెప్పే ఒక్క అంకె. జీతాలు, అద్దెలు, పెన్షన్లు, బాంకు అప్పులు, విడిపోయిన పెళ్లాలకిచ్చే మనోవర్తి, అన్నీ ఆ అంకెకే ముడిపడి ఉండేవి. అందుకని ఆ సాయంత్రం ఎస్ట్రేయా అల్‌కలాయ్ బడ్డీకొట్టు ముందు వీధి వీధంతా చేరేది. రేడియో ఎస్ట్రేయాది. నమలడానికి గింజలూ ఆమెవే. పందేలు మాత్రం ఆమె మొగుడు బూకోవి.

బూకో జీవితమంతా లారీ నడిపి దిగినవాడు. గొంతు ఇంకా ఇంజనుతో పోటీ పడుతున్నట్టే ఉండేది. అందరూ ఎనిమిదంటే అతను పదిహేననేవాడు. అందరూ పదిహేనంటే ఇరవై. చాలా నెలలు అతనే గెలిచేవాడు. గెలిచిన పొద్దుతిరుగుడు గింజల పొట్లాలు పెళ్లాం కొట్టులోవే కాబట్టి ఇంటికొచ్చే లాభం ఏమీ లేదు, అయినా ఆ పొట్లాలు రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుని ఆ పెద్ద వీధి, బుల్వారు, అటు చివరి దాకా వినపడేలా తన తెలివిని తానే పొగుడుకునేవాడు.

ఎస్ట్రేయా పందెం కాసేది కాదు. కొట్టు కిటికీలో మోచేతులు ఆనించి, గల్లా పెట్టె మీద ఒక చెయ్యి వేసి, వచ్చిన వాళ్ల మొహాలు చూస్తూ ఉండేది. అంకె చెప్పాక ఆనందించే మొహాలూ ఏడ్చే మొహాలూ ఆమెకి పట్టవు. అంకె చెప్పడానికి ఒక్క క్షణం ముందు మొహాలు ఎలా ఉంటాయో, అది ఆమెకి ఇష్టం.

బల్గేరియాలో ప్లోవ్‌దివ్ నుంచి ఓడెక్కి ఈ యూదుల దేశానికి వచ్చేటప్పటికి ఆమెకి ఇరవై దాటింది. వాళ్ల నాన్న పొగాకు వ్యాపారి. చెక్కపెట్టె నిండా నోట్ల కట్టలు పేర్చుకున్న మనిషి. ఒకనాడు ప్రభుత్వం పాత నోట్లు చెల్లవంది. మార్చుకోనిచ్చినవి పోను మిగిలిన కట్టలతో వాళ్లమ్మ ఆ చలికాలం పొయ్యి రాజేసింది. పొయ్యి మీద మటుకు ఎప్పటిలాగే జున్ను కూరిన పొరల కజ్జికాయల్లాంటి బురేకాలు పొంగాయి, నోట్ల మంటకీ మామూలు మంటకీ రుచిలో తేడా లేదని అమ్మ నవ్వింది, నాన్న నవ్వలేదు. ఎస్ట్రేయాకి ఆ రెండు మొహాలూ గుర్తుండిపోయాయి.

అందుకే కొట్టులో మిగిలింది మిగిలినట్టు ప్రభుత్వం అమ్మే బాండ్లలో పెట్టేది. వాటిలోనూ రెండు రకాలుండేవి. ఒకటి మామూలు కాగితం: ఇంత అప్పిస్తే ఫలానా నాటికి ఇంత అంకె తిరిగిస్తామని ముందే రాసి ఉంటుంది, వడ్డీ కళ్లు చెదిరేటంత. రెండోది సూచీకి కట్టిన బాండు: ధరలు ఎంత పెరిగితే ఇచ్చిన అసలూ అంత పెరుగుతుంది, వడ్డీ మాత్రం ఆవగింజంత. ఎస్ట్రేయా ఎప్పుడూ రెండోదే కొనేది. బూకో బాండ్లు కొనడు. ఫోను బిళ్లలు కొంటాడు.

అది ఆ వీధి వాళ్లకే వచ్చే ఆలోచన. వీధి చివర డబ్బా ఫోనులో వేసే బిళ్లలు, మధ్యలో చిల్లున్నవి, ఎస్ట్రేయా కొట్టులోనే అమ్మేవారు. తపాలా వాళ్లు వాటి ధర పెంచినప్పుడల్లా పాత బిళ్ల కూడా కొత్త ధరకే పనిచేస్తుంది కదా. అందుకని ధర పెరుగుతుందన్న పుకారు రావడం తరవాయి, ఎవరికీ ఫోను చేసే పని లేనివాళ్లు కూడా గుప్పెళ్లతో కొనుక్కుపోయేవారు. బూకో మిరపకాయల ఊరగాయ జాడీలు ఖాళీ చేసి వాటి నిండా బిళ్లలు పోశాడు. మంచం కింద జాడీల మధ్య చెప్పులు వెతుక్కోవాల్సి వచ్చేది.

కొట్టుకి ఆనుకునే జెలిగ్ ఫిష్‌మన్ గారి తాళాల దుకాణం. పోలండులో లోడ్జ్ నుంచి వచ్చిన పెద్దాయన, డెబ్భై దాటాయి, భార్య పోయింది. ఆయనా వారం వారం బిళ్లలు కొనేవారు. ఒకరోజు ఎస్ట్రేయా ఉండబట్టలేక, ఎవరికి చేస్తారు జెలిగ్ గారూ ఇన్ని ఫోన్లు అని అడిగింది. ఎవరికీ చెయ్యనన్నారు. జేబులో గలగలలాడుతుంటే బావుంటుందన్నారు.

ఆ జేబు గలగల కన్నా ఎస్ట్రేయాకి ఆయన దుకాణం వెనక గది మీద ఎక్కువ ధ్యాస. ఆ గదిలో ఇటుకల పొగగొట్టం ఉంది. ఒకప్పుడు అక్కడ ఇనుము కాల్చేవారట. పొగగొట్టం ఉన్నచోట పొయ్యి పెట్టొచ్చు. ఇంట్లో తెల్లారుజామున కాల్చిన బురేకాలు గుడ్డ కప్పిన పళ్లెంలో బడ్డీకొట్టుకి తెచ్చేసరికి చల్లారిపోయేవి. కొట్టులో ఒక మనిషి నిలబడితే రెండో మనిషి తిరగడానికి చోటు లేదు. వేడివేడిగా, పొరలు విరిగేటప్పుడు చప్పుడయ్యేలా, కొన్నవాడి వేళ్లు కాలేలా ఒక్క బురేకా అమ్మాలని ఆమె ముప్పై ఏళ్లుగా అనుకుంటోంది.

ఎనభై అయిదో సంవత్సరం జూన్‌లో జెలిగ్ గారు దుకాణం హక్కు అమ్మేసి హైఫాలో చెల్లెలి దగ్గరకి వెళ్లిపోతానన్నారు. మొదట చెప్పింది ఎస్ట్రేయాకే. షరతు కూడా వెంటనే చెప్పారు.

"ఇదిగో అమ్మాయ్, నీకు రెండు దారులు. ఇవాళ్టి లెక్కన కోటి షెకెళ్లు. ఆ కోటిని సూచీకి కట్టి, సెప్టెంబరులో మన కొత్త సంవత్సరం పండగ నాటికి అది పెరిగి ఎంతయితే అంత ఇయ్యి. సూచీ గొడవ నాకొద్దు, అంకె ఇప్పుడే ఖాయం చెయ్యండంటావా, పండగ నాటికి రెండు కోట్లు."

అప్పట్లో ఆ వీధిలో అందరూ కోటీశ్వరులే కాబట్టి అంకె విని ఎవరూ ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడింది రెండో దారి విని. అంకె ఖాయం చేసి బేరమాడిన మనిషిని వాళ్లు చూసి ఏళ్లయింది.

బూకో ఎగిరి గంతేశాడు. "రెండు కోట్లకే ఒప్పుకోవే. పండగ నాటికి రెండు కోట్లంటే ఏముంటుంది? రెండు పుచ్చకాయలొస్తాయి."

ఎస్ట్రేయా ఆలోచిస్తానంది. ఆ ఆలోచనకి సాసోన్ అడ్డొచ్చాడు. బాగ్దాదు వాళ్ల కుర్రాడు, మూడు చక్రాల బండిలో ఫలాఫెల్, అంటే సెనగ వడలు, అమ్ముతాడు, ఎస్ట్రేయాని అక్కా అంటాడు. అక్కా అంటూనే జెలిగ్ గారి దగ్గరకి వెళ్లి, రెండు కోట్ల పది లక్షలు, ఖాయం అంకె, పండగ నాటికి చేతిలో పెడతానన్నాడు. శుక్రవారం పదకొండింటికి వకీలుని తీసుకొస్తానని కూడా చెప్పి వచ్చాడు.

అంతే, వీధి రెండు ముక్కలైంది. షాపు సాసోన్‌కే అని కొందరు, ఎస్ట్రేయాకే అని కొందరు. బూకో ఇంట్లో కూర్చోలేడు, నిలబడలేడు. మనం రెండున్నర కోట్లు అనేద్దాం, చాలకపోతే జాడీలు కుమ్మరిద్దాం అని మంచం కిందికి దూరాడు. ఎస్ట్రేయాకి మాత్రం ఒకటే దురద. కోటికీ రెండు కోట్లకీ మధ్య ఆ ఖాళీలో ఏముంది? జెలిగ్ గారు ఆ రెండు అనే అంకె ఎక్కణ్ణుంచి తెచ్చారు?

మర్నాడు పొద్దున ఆయనకి టీ పట్టుకెళ్లి అడిగేసింది. ఇవాళ కోటి చేసే సరుకు పండగ నాటికి ఎంతవుతుందని మీ మనసులో ఉంది, బేరం కోసం కాదు, నిజంగా చెప్పండి అని.

ఆయన ఆకురాయి పక్కన పెట్టారు. "కోటీ అరవై."

"మరి నన్ను రెండడిగారే. ఆ నలభై లక్షలు దేనికి?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అరవై పెరుగుతుందని అనుకుంటున్నానమ్మాయ్. అనుకోవడానికేముంది. నేను అనుకున్నవే జరిగుంటే ఇక్కడెందుకుంటాను, లోడ్జ్‌లో మా నాన్న బల్ల మీద తాళాలు చేసుకుంటూ ఉండేవాణ్ణి. అరవై నా లెక్క. ఆ నలభై నా నిద్రకి."

ఎస్ట్రేయా గ్లాసు తీసుకోవడం మర్చిపోయి కొట్టుకొచ్చింది. ఆ పూట సిగరెట్లు అడిగినవాడికి పత్రిక ఇచ్చింది. రెండుసార్లు చిల్లర ఎక్కువిచ్చింది. ఇన్నేళ్లూ అందరూ సూచీ ఎంత, సూచీ ఎంత అని అడగడమే విన్నది. సూచీ అయిపోయిన సంగతి చెబుతుంది. కానీ జనం అడిగే ప్రతి ధరలోనూ ఇంకా రాని సంగతి ఒకటి దాక్కుని ఉంది, అందులో మళ్లీ రెండు ముక్కలు: ఎంత పెరుగుతుందన్న లెక్క ఒకటి, ఆ లెక్క తప్పితే ఎలాగన్న భయం ఒకటి. జెలిగ్ గారు ఆ రెంటినీ విడదీసి చేతిలో పెట్టారు. ఆమెకి వీధిలో ప్రతి మనిషీ అలాగే కనిపించసాగాడు. ఫోను లేని ఇంటికి గుప్పెడు బిళ్లలు పట్టుకెళ్లే మనిషి మాట్లాడటానికి కాదు కొనేది, భయానికి కొంటున్నాడు.

మధ్యాహ్నం బూకోని కొట్టులో కూర్చోబెట్టి బాంకుకి వెళ్లింది. గోడ మీద పలకలో మామూలు కాగితాల వడ్డీ ఒకపక్క, సూచీకి కట్టినవాటి వడ్డీ ఒకపక్క రాసి ఉంటాయి. మామూలుదానికి గుర్రమంత, కట్టినదానికి ఆవగింజంత. ఇన్నేళ్లూ ఆవగింజ వైపే చూసి వెళ్లిపోయేది. ఇవాళ రెంటి మధ్య తేడా చూసింది. కిటికీలో అమ్మాయిని పిలిచి, రాబోయే నెలల్లో ధరలు ఎంత పెరుగుతాయని మీ పై వాళ్లు అనుకుంటున్నారమ్మా అని అడిగింది. ఆ అమ్మాయి గోళ్ల రంగు ఊదుకుంటూ ఒక అంకె చెప్పింది. ఆ అంకె పలక మీది తేడా కన్నా బాగా తక్కువ.

"మరి మిగతాది?"

"మిగతాది అంటే ఏంటి ఆంటీ? అంత ఇవ్వకపోతే ఆ కాగితం ఎవరూ కొనరు. అంతా కట్టినవే అడుగుతారు."

ఎస్ట్రేయాకి నవ్వాగలేదు. ఇంత పెద్ద బాంకు, ఇన్ని ఫోన్లు, దీనిక్కూడా నిద్ర పట్టడం లేదన్నమాట. జెలిగ్ గారి నలభై లక్షలే ఇక్కడ గోడ మీద, దేశమంతటికీ కలిపి రాసి పెట్టారు. ఆ భయం ఎక్కువైన కొద్దీ కట్టిన బాండు కోసం జనం ఎగబడతారు, ఆవగింజంత వడ్డీకి కూడా సరే అంటారు, ఎందుకంటే వాళ్లు దాన్ని వడ్డీ కోసం కొనడం లేదు.

బయటికొచ్చి ఎండలో నిలబడింది. తనకి దుకాణం కావాలి. ఆయనకి నిద్ర కావాలి. ఆ నిద్ర కట్టలు కట్టలుగా తన బీరువాలో దుప్పట్ల కింద ఉంది.

శుక్రవారం పదకొండు కాకముందే తాళాల దుకాణంలో ఊపిరాడలేదు. సాసోన్ తెల్ల చొక్కా వేసుకుని వకీలునీ ఒక పెట్టె మిఠాయినీ తెచ్చాడు. గుమ్మంలో పేకాట మానేసి వచ్చినవాళ్లు, వాళ్ల వెనక కూరల సంచులతో ఆడవాళ్లు. బూకో జాడీ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు, ఎందుకో అతనికే తెలియదు. పన్నెండుకి బాంకు మూసేస్తారు, ఆ తర్వాత సబ్బాతు, ఇక ఏ పనీ జరగదు. ఏది తేలినా ఈ గంటలో తేలాలి.

సాసోన్ రెండు కోట్ల పది ఇస్తున్నాడు, నువ్వేమంటావని జెలిగ్ గారు ఎస్ట్రేయాని అడిగారు. బూకో నోరు తెరవబోతే ఆమె అతని కాలు తొక్కింది.

"మంచి బేరమే జెలిగ్ గారూ. మీరు నిద్రకని నలభై అడిగారు, సాసోన్ యాభై ఇస్తున్నాడు. యాభైతో పడుతుందా?"

జెలిగ్ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ధరలు మూడింతలయితే?" అంది ఎస్ట్రేయా.

"ఎందుకవుతాయక్కా మూడింతలు?" అన్నాడు సాసోన్.

"అవవని నీకు నమ్మకముంటే రెండు కోట్ల పది ఎందుకిస్తున్నావు సాసోన్? సూచీకి కట్టి కోటికే తీసుకోవచ్చుగా."

సాసోన్ వకీలు వైపు చూశాడు. వకీలు మిఠాయి పెట్టె వైపు చూశాడు. గుమ్మంలో ఎవరో పకపకా నవ్వారు, ఆ నవ్వు బయట ఆడవాళ్ల దాకా పాకింది. మూడింతలవుతాయని లెక్కేసుకునే వీడు వచ్చాడర్రా అని ఒకావిడ కూరల సంచి నేల మీద పెట్టి మరీ అంది. సాసోన్ చెవులు ఎర్రబడ్డాయి గానీ వాడూ నవ్వేశాడు. వ్యాపారమన్నాక ఏదో ఒకటి అనుకోవాలి కదక్కా అన్నాడు.

జెలిగ్ గారు మాత్రం నవ్వలేదు. సాసోన్ మొహంలోకి అలాగే చూస్తున్నారు. అంకె ఖాయం చేస్తానని ఉత్సాహంగా ముందుకొచ్చిన మనిషి రేపు ఆ అంకె దేనికీ కొరగాదని నమ్మే వచ్చాడన్న సంగతి ఆయనకి ఇప్పుడే తట్టినట్టుంది.

ఎస్ట్రేయా సంచిలోంచి బాండ్ల కట్ట తీసి ఆకురాళ్ల పక్కన పెట్టింది. ఇవి సూచీకి కట్టినవి, పండగ వెళ్లగానే గడువు తీరి డబ్బు చేతికొస్తుంది, ఇవాళే బాంకులో మీ పేరు మీదకి మార్చేస్తాను, నా మాటనీ బూకో మాటనీ నమ్మక్కర్లేదు, ధరలు రెండింతలయినా పదింతలయినా ఇదీ అంతే పెరుగుతుంది అని చెప్పింది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే తిరగేశారు. "ఇక్కడ కోటి లేదమ్మాయ్. ఇవాళ్టి లెక్కన తొంభై రెండే ఉంది."

"అవును. ఆ ఎనిమిది లక్షలు నిద్రకి. మీరైతే నలభై అడిగారు, నేను ఎనిమిదే అడుగుతున్నాను."

ఎస్ట్రేయాకి ఆ మొహాలన్నీ కనిపించాయి, అంకె చెప్పడానికి ముందుండే మొహాలు. ఈసారి వాటిలో తనదీ ఒకటి. ఆ ఎనిమిది లక్షలు నిజంగా ఆమె దగ్గర లేవు. ఆయన కాదంటే ఇక చూపించడానికి బూకో జాడీ తప్ప ఏమీ లేదు.

జెలిగ్ గారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నారు. నవ్వుతున్నారు. గోడకి వేలాడదీసిన తాళంచెవులు అదిరేలా నవ్వుతున్నారు. "నిద్ర అమ్మే బల్గేరియా దాన్ని ఇప్పుడే చూస్తున్నాను" అని చెయ్యి చాపారు.

చేతులు కలిశాయి గానీ బాంకు తలుపు మూయడానికి ఎంతో సమయం లేదు. బస్సు కోసం చూస్తే అయ్యే పని కాదు. అప్పుడు సాసోనే, ఎక్కండి నా బండి అన్నాడు. ఫలాఫెల్ నూనె డబ్బాల మధ్య జెలిగ్ గారిని కూర్చోబెట్టి, ఎస్ట్రేయా ఒక పక్క, జాడీతో బూకో ఒక పక్క వేలాడుతుంటే, మూడు చక్రాల బండి బుల్వారు మీద ఎగిరెగిరి పడుతూ పోయింది. ఓడినవాడే తోలుతున్న బండి చూసి దారిలో జనం చప్పట్లు కొట్టారు. బాంకు కాపలావాడు తలుపు రెక్క వేస్తుంటే బూకో జాడీ అడ్డం పెట్టాడు. గోళ్ల రంగు అమ్మాయి విసుక్కుంటూనే సంతకాలు పెట్టించింది.

జులై మొదట్లో ప్రభుత్వం ఒక్కసారిగా ధరలన్నీ పెంచి, అక్కడే బిగించేసింది. బూకో ఆ నెల సూచీ మీద కాసిన పందెంలో వీధి మొత్తాన్ని గెలిచి, అంకె వినగానే బుల్వారు మధ్యలో నాట్యం చేశాడు. చూశారా, ఇక రెక్కలే అన్నాడు. ఆ రెక్కలు అక్కడే ఆగిపోయాయి. వారం వారం మారాల్సిన పాల ధర మారలేదు. ఫోను బిళ్లల కోసం ఎవరూ రాలేదు. బూకో జాడీల్లోవి తీసుకొచ్చి కొట్టులో కొన్న ధరకే అమ్మిపెట్టమని పెళ్లాన్ని బతిమాలుకున్నాడు. సెప్టెంబరులో పండగ ముందు చెప్పిన సూచీ మరీ చిన్నది. అది నెల సూచీయా, వారానిదా అని ఇద్దరు ముసలాళ్లు రేడియోతోనే పోట్లాడారు. జూన్ నాటి కోటి, కోటిన్నర దగ్గరే ఆగింది.

సాసోన్ ఆ సాయంత్రం వేళ్ల మీద లెక్కేసుకుంటూ వచ్చాడు. తనే గెలిచుంటే రెండు కోట్ల పది ఎక్కణ్ణుంచి తెచ్చేవాడో చెప్పలేకపోయాడు. ఎస్ట్రేయా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. జెలిగ్ గారు హైఫా నుంచి బస్సులో వచ్చారు. సాసోన్ అంకెకి ఒప్పుకుని, వాడు కట్టగలిగుంటే, మీకింకా డెబ్భై లక్షల పైనే వచ్చేవని బూకో గుచ్చాడు. కట్టగలిగుంటేనా అని ఆయన చెయ్యి విదిలించి, పొయ్యి వైపు ముక్కు పెట్టారు.

పొయ్యి రాజుకుంది. వెనక గది పొగగొట్టం ఎన్నో ఏళ్ల తర్వాత వేడెక్కి చిటపటమంటోంది. గుమ్మం మీద బోర్డు రాయడానికి రంగులవాడు నిచ్చెనెక్కాడు. బురేకాలు, జున్ను, బంగాళదుంప, వంకాయ అని అన్నీ నీలం రంగులో రాశాడు. రాసి కిందికి చూశాడు. ధర సుద్దతో రాయనా అని అడిగాడు. ఏళ్లుగా అతనెక్కడా అంకె రంగుతో రాయలేదు.

మూడు సున్నాలు కొట్టేసిన కొత్త షెకెల్ అప్పుడే చేతికొచ్చింది. ఎస్ట్రేయా లెక్కేసుకుంది. పిండి, నూనె, జున్ను, కట్టెలు, తన కష్టం. లెక్క తేలాక నాలిక చివర ఇంకో చిన్న అంకె వచ్చి నిలబడింది, ఏమో, రేపేమవుతుందో అని దానంతటదే కలిసిపోబోతూ. ఆమె దాన్ని గుర్తుపట్టింది. జనమంతా తల పైకెత్తి నిచ్చెన వైపు చూస్తున్నారు. ఆ ఒక్క అంకెనీ మింగేసింది.

"అర షెకెల్" అంది. "రంగుతోనే రాయి."

"ఆరిందంటే చెరగదమ్మా."

"నువ్వు రాయి."

లోపల బూకో మొదటి పళ్లెం బయటికి లాగి, వేళ్లు కాలి, వీధి అదిరేలా అరిచాడు.